ఊరూ పేరూ

ఏరుల పుట్టుక అడగకూడదంటారు.
మా పనిలో మాత్రం
అడక్కపోతే ఒక మనిషి వానలో నిలబడతాడు.

నిలబడ్డాడు.
తోర్స్‌హావ్న్ రేవులో, నవంబరు మంగళవారం,
పియానోలు శ్రుతి చేసే జకారిస్,
సంచీ చంకలో పెట్టుకుని,
తెరమీద అయిదూ ఇరవై అని మెరుస్తున్న పడవ కోసం
నలభై నిమిషాలు.
ఆ పడవ గాలికి జడిసి మధ్యాహ్నమే రద్దయింది.

రద్దయితే తెర కూడా ఆ మాటే చెప్పాలని
హెర్గేర్ ఆదివారం రాత్రే దిద్దుబాటు రాశాడు.
ఆరిజిన్‌కి పంపాడు.
చేరింది అని వచ్చింది. పడుకున్నాడు.

చేరిన మాట నిజమే.
ఎక్కడికి చేరిందో కూడా మొదటి వరుసలోనే ఉంది.
మంచి కబురు అందాక
కవరు మీది చిరునామా ఎవరు చదువుతారు?

మేం అయిదుగురం, మూడు దీవుల్లో.
ఒకే ప్రోగ్రామ్, అయిదిళ్ళలో అయిదు నిండు ప్రతులు,
మొట్టమొదటి గీత నుంచీ చరిత్రంతా సహా.
ఏదీ నకలు కాదు, ఏదీ అసలు కాదు,
కాబట్టి అందరం ఒక్క మాట మీద ఉండాలి.
ఉన్నాం కూడా. ఆ మాట, ఆరిజిన్.

నా ఆరిజిన్ రేవు ఆఫీసు సర్వర్.
హెర్గేర్ ఆరిజిన్,
వేసవిలో ఆ సర్వర్ మరమ్మతుకి వెళ్ళినప్పుడు
రన్వా తన ఇంట్లో మెట్లకింద పెట్టిన పాత కంప్యూటర్.
తొలిసారి అక్కణ్ణించి తెచ్చుకున్నాడు.
తెచ్చుకున్న చోటే మూలమని
యంత్రం తనంతట తనే రాసుకుంది.
దిద్దుబాటు అక్కడికి వెళ్ళి
రబ్బరు బూట్ల పక్కన, చీకట్లో
రెండు రోజులు బుద్ధిగా కూర్చుంది.

జకారిస్ ఆఫీసుకొచ్చాడు, నేల తడుపుతూ.
తిట్టలేదు. కాఫీ పుచ్చుకున్నాడు.
మేం చెప్పిందంతా విని సంచీ విప్పాడు.
శ్రుతిదండాలు. ఒక్కోదాని మెడకీ ఒక తోలుముక్క,
తోలుమీద ఊరిపేరు.
"ఈ చర్చి ఆర్గన్ కాస్త కిందికి పలుకుతుంది,
ఆ బడి పియానో కాస్త పైకి.
శ్రుతి కలపమని అందరూ అంటారు.
ఎవరి శ్రుతికని నేనడుగుతాను."
కప్పు కడిగిపెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఫోన్లో
మా మా జాబితాలు పైకి చదువుకున్నాం.
సిగ్గేసింది.
నా దగ్గర ఆరిజిన్, కొత్తది, కొత్తది-2, అసలుది.
కొత్తదానికి నాలుగేళ్ళు.
మార్జున్ దగ్గర బార్దుర్ అని ఒకటి;
బార్దుర్ ఉద్యోగం మానేసి సాల్మన్ చేపలు పెంచుకుంటున్నాడు.

మనిషి పేరు పెడదామా? మనుషులు వెళ్ళిపోతారు.
గది నంబరు? గదులు మారతాయి.
గంటన్నర వాదించుకుని
చేసే పని పేరే పెట్టాం:
తెర దేన్ని చదువుతుందో అది రేవు,
విరగ్గొట్టుకోడానికి ఉన్నది ప్రయోగం.
రన్వా ఇంటిది మాత్రం మెట్లకింద అనే ఉండిపోయింది,
అంతకన్నా నిజమైన మాట ఎవరికీ తోచలేదు.

ఊరూ పేరూ అని జంటగా ఎందుకంటారో
అప్పుడు తెలిసింది.
యంత్రానికి ఊరు చాలు.
పేరు కావలసింది మనకి,
అర్ధరాత్రి, సగం నిద్రలో,
బుర్ర కన్నా వేళ్ళు ముందు పరిగెత్తేటప్పుడు.
రేవు అని కొట్టబోతే ఇప్పుడు
నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది,
అక్కడ మనుషులు నిలబడి ఉంటారని.
ఆరిజిన్ దగ్గర ఎప్పుడూ ఆగలేదు.

మొన్న రన్వా ఆ పెట్టెను అటక మీదికి ఎక్కించింది,
మెట్లకింద తేమట.
వెంటనే పేరు మార్చాను.
మారింది, నా ఒక్కదాని దగ్గర.
ఎవరింట్లో పేరు వాళ్ళదే;
ఇక్కణ్ణించి ఎవరి గోడమీదా నేను రాయలేను.

అందుకని ఫోన్ తీశాను.
మార్జున్ పలికింది, సరేనంది.
హెర్గేర్ ఎత్తలేదు,
గాలి లేని రోజు, పడవలో ఉండుంటాడు.
మళ్ళీ చేస్తాను.
చెప్పాల్సింది ఒక్క మాటే,
అటక.